మంచిగుందన్నాను

బుధవారం

నా రాత వంకర, తప్పులు ఎక్కువ. అయినా ఫర్వాలేదు, నాకోసమే రాసుకుంటున్నా.

మనవరాలు శైలజ డిజైన్ చదువు ముగించి ఏడాదైంది. రెండు కంపెనీలు వద్దన్నాయి. రేపు హైదరాబాదులో మూడో ఇంటర్వ్యూ. అక్కడ చూపడానికి, ఎడ్లు లేనివాళ్లు చేత్తో నెట్టి విత్తుకునే చిన్న గొర్రు చేసింది. ఈరోజు మా చేన్లో కందులు పోసి నెట్టింది. ఫోన్లో వీడియో తీస్తూ నన్ను అడిగింది.

“ఎట్లుందే తాతా? గివేం పెండ్లిచూపులు కావు, సిగ్గువడకు!”

“మంచిగుంది బిడ్డా,” అన్నాను.

ఆమె ఇంటికి పోయాక సాలు గీకి చూశాను. రెండు బారల మేర ఒక్క గింజ లేదు. తడి రేగడి మట్టి, గింజలు జారే గొట్టం మూతిని పూడ్చేసింది. మన పాత గొర్రుకు ఆ మూతి వెనక్కి ఉంటుంది. దీనికి కిందికి పెట్టింది.

చెబితే ధైర్యం చెడుతుందేమో. చెప్పకపోతే రేపు కంపెనీవాళ్ల ముందు ఆ వీడియోలో నా మాటే చూపిస్తుంది. వాళ్లు తప్పు పట్టుకుంటే...

ఎదురుగా చెప్పడం నా వల్ల కాదు. ఈ పేజీ చింపి నీ ఇంటర్వ్యూ ఫైల్లో పెడుతున్నా బిడ్డా. బస్సెక్కక ముందే చదువు. కోపమొచ్చినా సరే, చదివానని జల్దీ ఒక మాట చెప్పు.