విస్తట్లో నల్లమందు

తమ్ముడూ,

ఈ రోజు నీ సంవత్సరీకం. నాంపల్లి ఇంట్లో నీకిష్టమైనవన్నీ విస్తట్లో పెడుతుంటే, ఇంకా ఆ అలవాటు వదలని చిన్నాయన జేబులోంచి నల్లమందు ఉండ తీశాడు.

"వానికి పానం గదా బిడ్డా, జర పెట్టు."

"దవాఖాన్ల వణుక్కుంట, కక్కుకుంట మానిండు చిన్నాయనా. పోయేదాంక మల్ల ముట్టలే."

"సచ్చినోనికి ఇంకేం ఫికర్?"

చెయ్యి అడ్డం పెట్టాను. యావ లేచినప్పుడల్లా నువ్వు చప్పరించే పటికబెల్లమే పెట్టాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం మనసు ఆగలేదు. అందరూ వెళ్ళగానే, చిన్నాయన ఆ ఉండ దాచిపోయాడేమోనని విస్తరి ఎత్తి కింద వెతికాను. నువ్వు మానిన తర్వాత కూడా, నువ్వటు పనికి వెళ్ళగానే రోజూ నీ తలగడ ఎత్తి వెతికినట్టే.

ఏమీ లేదు.

అప్పుడూ ఏనాడూ ఏమీ దొరకలేదు, తమ్ముడూ.

అక్క