కొట్టేయవలసిన వాక్యం

వేదశ్రీ మేడం గారికి,

నమస్కారమండి. కాలేజీ పత్రికకి ‘నా ఎదుగుదల’ అని రాసిచ్చిన వ్యాసంలో మీకు కృతజ్ఞతలు చెప్పిన మాటలు ఉంచండి. ఒక్క వాక్యం మాత్రం కొట్టేయండి. “ఏడిస్తే మా అమ్మ చేత్తో ముట్టుకునేది కాదు, మోచేత్తో తుడిచేది, ఆ కసితోనే చదివాను” అన్నది.

అమ్మ పోయాక ఆమె చేసిన పనికే, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్తున్నాను. మొదటిరోజు ఇంటికొచ్చేసరికి చెల్లి ఏడుస్తోంది. కళ్లు తుడుద్దామని చెయ్యి చాచాను. నాలుగుసార్లు సబ్బుతో కడిగినా వేళ్లు మండుతూనే ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకుని మోచేత్తో తుడిచాను.

“నువ్వు కూడా నన్ను ముట్టుకోవా అక్కా?” అంది.

పత్రిక అచ్చుకి వెళ్లిపోయి ఉంటే, కనీసం నా పేరు తీసేయించండి మేడం.

మీ విద్యార్థిని