చందమామ వెలిగే దాకా ఆగు

మా పెద్దదానికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, నాన్నా, చెల్లీ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ పిన్నీ బాగున్నారని నీ ఉత్తరం చూస్తే తెలిసింది. కోపం తగ్గలేదని కూడా తెలిసింది. ఫోను ముట్టనని ఒట్టేసుకుని కాగితం మీద రాసే పిల్ల ఈ రోజుల్లో నువ్వొక్కదానివే అయి ఉంటావు. పోనీలే, నీ దస్తూరి చూసి ముచ్చటేసింది. నీ కోసం నేనూ పెన్ను పట్టాను. వేళ్ళు పీకుతున్నాయి. దెప్పడం లేదమ్మా, ఊరికే చెబుతున్నాను.

ముందు ఒక మాట. చీకటి మూలన కూర్చుని చదవకు, కళ్ళు పాడవుతాయి. పిన్ని వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేస్తానంది, అక్కడ కూర్చో. జుట్టు మొహం మీద పడకుండా వెనక్కి కట్టుకో. గబగబా చదివి పారేయకు, తాపీగా చదువు.

నువ్వు అడిగినవన్నీ వరసగా చెబుతాను. నాన్న కళ్ళు కుదుటపడ్డాయి. కొత్త అద్దాలొచ్చాక సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తున్నారు. మనిషే మారలేదు. "నేను గుడ్డలు కత్తిరిస్తుంటే జనం చూసేదేముందే, నీకేమన్నా పిచ్చా?" అంటారు. కటింగ్ బల్ల వెనక నీలం తెర కట్టి, ఆయన్ని నిలబెట్టి, ఒక్క నవ్వు నవ్వించేసరికి నా తల ప్రాణం తోకకొస్తోంది. మొన్న "మీ అమ్మగారి గురించి రెండు ముక్కలు చెప్పండి, అందరూ అడుగుతున్నారు" అన్నాను. అంతే, మెడలో టేపు తీసి బల్ల మీద విసిరికొట్టి బయటికి వెళ్ళిపోయారు. అదీ వీడియోగా పెట్టాను. బాగానే చూశారు.

చెల్లి సైకిలు నేర్చుకుంది. నేర్చుకుందంటే, పడింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి అది నేల మీద కూర్చుని, నోరు తెరిచి, నా చేతిలో ఫోను వంక చూసి, "అమ్మా, ఆన్ అయిందా? ఏడవనా?" అంది. చూశావా దాని తెలివి! నీకు ఎన్నేళ్ళు చెప్పినా వంటపట్టలేదు. నీ గదిలో పడుకుంటోందా అని అడిగావు కదా, లేదు. నీ మంచం తీయించేసి గోడలకి లేత గులాబీ రంగు వేయించాను. ఇప్పుడు మేము అన్నాలు తినేది అక్కడే, మిగతా ఇల్లంతా మసకగా పడుతోంది.

"మనది ఇల్లు కాదు, దుకాణం" అని రాశావు. అబ్బో, మాటలు నేర్చావే! దుకాణం మీ నాన్నది. అందులో నేను కాజాలు కుట్టినన్నాళ్ళూ గుమ్మంలోకి వచ్చిన ఒక్కరూ నా మొహం చూసిన పాపాన పోలేదు. "గుండీ ఊడింది" అని చొక్కా చేతిలో పడేసి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు పొద్దున కళ్ళు తెరిస్తే "అమ్మా, తిన్నారా? నిద్రపట్టిందా?" అని ఎంతమంది! నువ్వెప్పుడైనా అడిగావా? ఆయన అడిగారా? ఒక్క రోజు ఏమీ పెట్టకపోతే వాళ్ళు దిగులుపడతారు. వాళ్ళు ఇంకో ఇంటికి వెళ్ళిపోతారేమోనని నాకు ఊపిరాడదు. భయమేస్తుందే, నిజంగా భయమేస్తుంది.

బళ్ళో పిల్లలు నీ ఏడుపు మొహాన్ని బొమ్మగా చేసి ఒకరికొకరు పంపుకుంటున్నారనే కదా నువ్వు పిన్నింటికి పారిపోయింది. ఆ బొమ్మ నాకూ వచ్చింది. ముక్కు ఎర్రగా, పెదవి వంకరగా, భలే కుదిరిందిలే. మొన్న పిన్ని ఊరికే బెంగ పెట్టుకుంటుంటే నేనూ దానికి అదే పంపాను. నవ్వేసి ఊరుకోవాల్సిన దానికి బడి మానేస్తారా ఎవరైనా?

ఇక ఆ వీడియో సంగతి. నాయనమ్మ పోయిన రోజు తీసింది. అది తీసేస్తేనే ఇంటికొస్తానని షరతు పెట్టావు.

మన ఇంటి పద్ధతి నీకేమన్నా కొత్తా? పరీక్షలో ఫస్టు వచ్చినా, ఒంట్లో బాగోకపోయినా, ఏ కబురైనా లైటు వేసి, ఫోను నిలబెట్టాకే నోరు విప్పాలి. ఆ గుండ్రటి లైటుకి చందమామ అని పేరు పెట్టింది నువ్వే. చెల్లి ఏదైనా చెప్పబోతే "చందమామ వెలిగే దాకా ఆగవే" అని దాని నోరు మూసేదానివి. ఎంత ముద్దొచ్చేదానివో.

ఆ సాయంత్రం నువ్వు బడి నుంచి రాగానే "నాయనమ్మ పోయిందమ్మా" అన్నాను. నువ్వు సంచీ కూడా దించకుండా కొయ్యబారి నిలబడ్డావు. కొయ్యబారితే చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? దానికి తోడు కుక్కరు కూత. అందుకే మళ్ళీ బయటికెళ్ళి రమ్మన్నాను. రెండోసారి గుమ్మం దాటకముందే భోరుమన్నావు. అది చూసి ఎంతమంది తమ ఇళ్ళలో ముసలివాళ్ళకి ఫోన్లు చేసుకున్నారో తెలుసా? దాన్ని తీసేయమంటావా? తీయలేదు. తీయను కూడా.

చివర్లో ఒకటి అడిగావు, కింద గీత గీసి మరీ. "నాయనమ్మ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?" అని. ఇన్ని రాసి అదొక్కటీ దాటేస్తే బాగుండదు.

పొద్దున్నే తెలిసింది. పోయిందని కాదు, పోతుందని. నాన్న ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "అమ్మ పెద్దదాన్ని అడుగుతోంది. దాన్ని తీసుకుని వెంటనే రా" అన్నారు. నువ్వు అప్పుడు గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నావు. ఆ వార్డులో వీడియో తీస్తే గెంటేస్తారు, నాకు అనుభవమే. నిన్ను తీసుకెళ్తే ఉన్న ఏడుపంతా అక్కడే ఏడ్చేస్తావు, ఇంటికొచ్చాక ఇంకేం మిగులుతుంది? "పిల్ల అప్పుడే వెళ్ళిపోయిందండీ, పరీక్ష, మధ్యలో పంపరట" అని చెప్పాను. నువ్వు మర్చిపోయిన నీళ్ళ సీసా వెనక్కి పిలిచి మరీ చేతికిచ్చాను. మధ్యాహ్నం దాకా ఆవిడ నీ పేరే కలవరించిందట. తలుపు చప్పుడైనప్పుడల్లా అటే చూసిందట.

నాన్నకి ఇది తెలియదు. తెలిసే దారీ లేదు, ఆయన మన వీడియోలు చూడరు కదా.

అసహ్యం వేస్తోందా? వేయనీ. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ "పెద్దమ్మాయి ఏదీ? ఆ పిల్ల లేని ఇల్లు చూడబుద్ధి కావడం లేదు" అని అందరూ ఒకటే గోల. చెల్లి ఎంత ఏడ్చినా నీ ఏడుపు నీదే. నువ్వు ఇంటికి రానంటే నేనేం చేయను చెప్పు?

పిన్నిని ఏమీ అనకు. దానికి ఇందులో ఏముందో తెలియదు. "ఉత్తరం చదివి పిల్ల మెత్తబడుతుందే, ఆ మొహం నేను చూసుకోవాలి" అని బతిమాలితే పిచ్చిది నమ్మింది. గిన్నెల అలమరలో, పంచదార డబ్బా పక్కన దాని ఫోను ఉంది. నువ్వు కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ ఆన్‌లోనే ఉంది. ఆ కిటికీ వెలుతురు మన చందమామకి ఏమాత్రం తీసిపోదు.

అటు చూడకు. ఏడుపొస్తే చేతులు అడ్డం పెట్టుకోకు. మళ్ళీ కొయ్యబారిపోయావనుకో, నాకేం కోపం లేదమ్మా. కాగితాలు మడిచి, గుక్కెడు మంచినీళ్ళు తాగి, మొదటి నుంచి మళ్ళీ చదువు.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ