నాన్న రీళ్ల చప్పుడు

బాబాయ్,

మీ అన్నయ్య ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని మీరు అడిగారు. తప్పు నాదే.

నాన్న పోగేసిన, చేపలు పట్టే పాత గాలపు రీళ్లు మీకు తెలుసు కదా. చూపు పోయాక కూడా రోజూ పొద్దున్నే అలమర తెరిచి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పేవారు. ఒకటి కరకరమనేది, ఇంకొకటి మధ్యలో నత్తి కొట్టేది. చప్పుడును బట్టి ఏది ఎక్కడ కొన్నారో చెప్పేవారు. "మీ అమ్మ గురక ఒక్కటే ఈ అలమరలో లేదు" అని ఏడిపించేవారు.

ఊరికే కూర్చోలేని దాన్ని కదా, ఆయన పుట్టినరోజుకని అన్నింటికీ అరిగిన స్ప్రింగులు తీయించి కొత్తవి వేయించాను. పాతవి తుక్కులో పోయాయి. ఇప్పుడు ఇరవై మూడూ ఒకే గొంతుతో మోగుతున్నాయి.

నాన్న మూడింటిని తిప్పి చూసి, "ఇవెవరివమ్మా?" అన్నారు. నేను చెప్పాను. తిట్టినా బాగుండేది. "చూపు అప్పుడు కాదమ్మా, ఇప్పుడు పోయింది" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. వారమైంది.

ఆయన మీకిచ్చిన ఇత్తడి రీలు తుడవకండి, నూనె వేయకండి. ఉన్నదున్నట్టుగా తీసుకురండి. మెట్లెక్కేటప్పుడే తిప్పుతూ రండి. నేను పిలిస్తే ఆయన పలకడం లేదు.

మీ అన్నయ్య కూతురు