పది వేళ్లూ ఎర్రగా

జూన్ 28, శనివారం

స్మార్ట్‌ఫోన్ పేదరికాన్ని తుడిచేస్తుందని పత్రికలో ఎవరో రాశాడు. జవాబు మొదలుపెట్టాను. రెండు పేరాలూ తిట్లే.

సగంలో మంగాయమ్మ పిన్ని వచ్చింది. ఆషాఢం కదా. ఈ హిందీ ఊళ్లో మా క్వార్టర్ పెరట్లో గోరింటాకు కోసి కాలనీలో తెలుగిళ్లన్నిటికీ పంచుతుంది. తను మాత్రం పెట్టుకోదు. బాబాయి ఇక్కడి సిర్గిట్టి గోదాములో బస్తాలు మీదపడి పోయినప్పట్నుంచీ అంతే. మొగుడు పోయినదాన్ని, నాకేటి గోరింటాకమ్మడూ, అంది. ఒళ్లు మండింది. గంటసేపు వాదించాను. నా నోరు పడలేక చేతులు చాపింది. పది వేళ్లకూ నేనే టోపీలు పెట్టాను.

జూన్ 29

బాగా పండింది. చేతులు కొంగులో దాచుకొచ్చి, నాకొక్కదానికే చూపించి వెళ్లింది.

జూలై 3

రేషన్ షాపులో ఈ-కేవైసీ. పదో తేదీలోగా మెషీన్ మీద వేలు పడకపోతే కార్డులో పేరు కొట్టేస్తారట. గోరింటాకు ఎరుపుకి పిన్ని వేలు పడలేదు. డీలర్ సాహూ పది వేళ్లూ పెట్టించి చూశాడు. ఈ వయసులో మెహందీ ఏంటి మాతాజీ అన్నాడట. క్యూ అంతా నవ్విందట.

పిన్ని ఇంటికొచ్చి చింతపండుతో వేళ్లు రుద్దుకుంటూ కూర్చుంది. నాలుగిళ్లలో వంట చేస్తే వచ్చేది అద్దెకీ కూరకీ సరి. బియ్యం ఆ కార్డు మీదే.

జూలై 5

మళ్లీ పడలేదు. జవాబులో ఇంకో మూడు పేరాలు పెంచి పిన్నికి చదివి వినిపించాను. ఆమెకు కోపం వచ్చింది. నిరుడు కూతురి పురిటికి పలాస వెళ్తే, కార్డు ఇక్కడిదైనా అక్కడి షాపులోనూ ఈ వేలికే బియ్యం ఇచ్చారట. ఇదివరకు ఊరు దాటితే కొనుక్కోడమే కదమ్మా, దాన్నెందుకు తిడతావు, అంది. మరి నిన్ను చూసి నవ్వలేదా అన్నాను. నవ్వినోళ్లు మనుషులు, మెషీనేటి నవ్విందా, అంది. వేలు పడకపోతే బియ్యం లేదన్నదీ మనుషులే అన్నాను. ఇద్దరి టీలూ చల్లారిపోయాయి.

జూలై 8

ఫుడ్ ఆఫీసుకెళ్లి గొడవపడ్డాను. ముఖంతో కూడా చేయొచ్చు మేడమ్, ఫోన్‌లో యాప్ ఉంది కదా, అన్నాడు క్లర్కు తాపీగా. మొదట్నుంచీ ఉందట. షాపు గోడ మీద ఆ ఒక్క ముక్క రాయడానికి సుద్దముక్క దొరకలేదా వీళ్లకి?

సాయంత్రం నా ఫోన్‌లోనే ఆ యాప్ పెట్టాను. ఫొటో అనుకుని పిన్ని తల దువ్వుకుని వచ్చింది. ఫోన్ కళ్లు ఆర్పమంటుంది. ఈమె గుడ్లప్పగించి చూస్తుంది. ఆర్పు పిన్నీ అంటే నవ్వు. నాకూ నవ్వు. ఎన్నోసారికో పచ్చ టిక్కు పడింది. నా ఫోన్‌కి దణ్ణం పెట్టింది. తిట్టబోయి ఊరుకున్నాను.

జూలై 11

జవాబు పంపేశాను. తిట్లు తీయలేదు. పిన్ని చెప్పిన పలాస బియ్యం మాటా చేర్చాను.

ముఖం సంగతి సాహూ షాపు గోడ మీద నేనే రాసొచ్చాను, హిందీలోనూ తెలుగులోనూ. మన కాలనీ తెలుగిళ్ల పిల్లలే, తెలుగు అక్షరాలు చూసి ఇదేం డిజైన్ ఆంటీ అన్నారు.

అక్టోబర్ 12

గోళ్ల కొసల్లో మాత్రం సన్నటి ఎర్ర గీత మిగిలింది. పిన్ని గోళ్లు తీసుకోవడం మానేసింది.