మలుపుకు అడ్డంగా మా ఆయన

నగర కమిషనరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బడి మలుపు వద్ద నిలబెట్టిన మాజీ సైనికుని విగ్రహమును తక్షణమే తొలగించి వేరొక చోట పెట్టించుట, మరియు సదరు సైనికుడు బతికుండగా అడిగిన స్పీడ్ బ్రేకరును ఆయన పోయిన తరువాతనైనా వేయించుట గురించి.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, నేను సదరు సైనికుని భార్యను. వచ్చే సోమవారం విగ్రహానికి ముసుగు తీసే సభలో నన్ను వేదిక మీద కూర్చోబెట్టి సన్మానిస్తామని తమ ఆఫీసు నుండి ఆహ్వానము అందినది. అందినందుకు సంతోషం. నేను వేదిక ఎక్కను. కారణములు ఈ దిగువన వివరించడమైనది.

1. మా ఆయన సైన్యంలో లారీ డ్రైవరు. కొండదారుల్లో మందులు, సామాన్లు చేరవేసి, గాయపడినవాళ్ళను వెనక్కి తెచ్చి, చివరికి ఒక మోకాలు పాడుచేసుకొని ఇంటికి వచ్చారు. తమరు చేయించిన విగ్రహాన్ని బండి మీంచి దించేటప్పుడు చూశాను. చేతిలో తుపాకీ ఉన్నది. మూతికి గుబురు మీసం కూడా ఉన్నది. మా ఆయనకు జన్మలో మీసం లేదు. పోనీండి, తుపాకీని, మీసాన్ని నేను ఓర్చుకోగలను.

2. రిటైరయ్యాక ఆయన ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. మూత పోయిన మురుగు గుంటలో విరిగిన కుర్చీ దించి ఎర్రగుడ్డ కట్టింది ఆయనే. వాన పడితే కాలువకు అడ్డంపడిన చెత్త చేత్తో లాగింది ఆయనే. వీధిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆ కుంటికాలితోనే ఆసుపత్రికి పరుగు. వీటన్నిటికీ మించి బడి మలుపు. పొద్దున, సాయంత్రం నోట్లో విజిలు, చేతిలో ఎర్ర తువ్వాలు పట్టుకొని బండ్లు ఆపి పిల్లలను దాటించేవారు. పిల్లలు విజిలు తాత అని పేరు పెట్టారు. ఇంట్లో టీ కావాలన్నా అదే విజిలు. “నేనేమన్నా బండినా?” అని అరిచేదాన్ని. “బండే నయమే, ఊదితే ఆగుతుంది” అనేవారు.

3. అక్కడ స్పీడ్ బ్రేకరు వేయమని ఆయన తమ ఆఫీసుకు కాళ్ళరిగేలా తిరిగారు. ప్రతిసారీ ఒకటే జవాబు. ఒకసారి ఇంటికి రాగానే అడిగాను.

“ఏమన్నారు?”

“పరిశీలిస్తున్నారట.”

“ఏం పరిశీలిస్తారండీ అంతకాలం?”

“నేనెప్పుడు పోతానా అని.”

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక పొద్దున మలుపుకు బయలుదేరబోతూ, బూటు లేసు కట్టుకుంటూనే ముందుకు ఒరిగిపోయారు. తమ పరిశీలన అప్పటికీ పూర్తి కాలేదు.

4. అసలు ఫిర్యాదు ఇది. తమ ఇంజనీరు గారు నాతో ఎంతో గర్వంగా, “అమ్మా, సార్ ఎక్కడ నిలబడేవారో సరిగ్గా అక్కడే పెట్టించాం, అంగుళం తేడా లేదు” అన్నారు. అయ్యా, ఆయన అక్కడే ఎందుకు నిలబడేవారో ఒక్కరైనా అడిగారా? మలుపుకు రెండు వైపులా రోడ్డు కనబడేది ఆ ఒక్క చోటి నుంచే. “నేను లేని రోజున మీరు ఇక్కడే నిలబడి, అటూ ఇటూ చూసి దాటండర్రా” అని పిల్లలకు నేర్పింది కూడా ఆయనే. ఇప్పుడు అక్కడ మనిషెత్తు దిమ్మె, దాని మీద గుడ్డ కప్పిన విగ్రహం ఉన్నాయి. పిల్లలకు బండ్లు కనబడవు. బండ్లవాళ్ళకు పిల్లలు కనబడరు.

5. పోయిన వారం మా ఎదురింటి దర్జీ కూతురు అలవాటు కొద్దీ అక్కడికే వెళ్ళి, ఏమీ కనబడక దిమ్మె చుట్టూ తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. పాల వ్యాను గుద్దింది. డ్రైవరు రోడ్డు మీదే కూలబడి, “ఒట్టమ్మా, నాకు కనబళ్ళేదు, దిమ్మె వెనకనుంచి వచ్చింది” అని గుండెలు బాదుకున్నాడు. పిల్లకు ప్రాణం దక్కింది, కాలు విరిగింది. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకొని, “తాత చెప్పిన చోటే నిలబడ్డాను కదా మామ్మా, మరి తప్పెక్కడ చేశాను?” అని అడిగింది. జవాబు చెప్పవలసినవారు తమరు గనుక ఆ ప్రశ్నను ఈ అర్జీకి జతపరచడమైనది.

6. ఆ రోజే తమ ఆఫీసుకు వచ్చాను. గుమాస్తా తల ఎత్తకుండానే, “విగ్రహాలు వేరే సెక్షనండీ, రోడ్లు వేరే సెక్షను. అయినా ముసుగు తియ్యకముందే కదిపితే మర్యాదగా ఉండదు” అన్నాడు. ఎవరికయ్యా మర్యాద? బతికున్న మనిషి గొంతు చించుకుంటే చెవిన పెట్టలేదు. చచ్చిపోయాక ఆయన్ను రాయి చేసి, ఆయన కాపాడిన పిల్లలకే అడ్డంగా పెట్టారు. మా ఆయన చేత ఆయన జన్మలో చేయని పని చేయించారు. నా కడుపు మండిపోతున్నది. దీనిని ఆఫీసు భాషలో ఏమంటారో నాకు తెలియదు.

కావున తమరు దయతలచి, విగ్రహాన్ని ఏ పార్కులోనో పెట్టించి, మలుపులో స్పీడ్ బ్రేకరు వేయించవలసినదిగా కోరుచున్నాను. దానికి ఆయన పేరు పెట్టనక్కర్లేదు. ఈ అర్జీని కుర్చీలో కూర్చొని కాక, ఒక్కసారి ఆ దిమ్మె వెనక నిలబడి రోడ్డు వైపు చూస్తూ చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంతకాలమూ తమ విధేయురాలు,
విజిలు తాత భార్య

తా.క.: సోమవారం తమ సభ సమయమూ, బడి వదిలే సమయమూ ఒకటేనని ఆహ్వానంలో చూశాను. ఆయన విజిలు, ఎర్ర తువ్వాలు నా దగ్గరే ఉన్నాయి. పిల్లలందరూ దాటేవరకు తమ కారు ఆగవలసి ఉంటుంది. నేను దిమ్మె వెనక నుంచే రోడ్డు మీదికి వస్తాను, కాబట్టి తమ డ్రైవరుకు కనబడను. కాస్త నెమ్మదిగా రమ్మని చెప్పండి.