ఎమ్రిస్ కోసం కోసిన చీజ్

మార్చి 4, మంగళవారం

పక్క పొలం ఎమ్రిస్‌ని పూడ్చి వచ్చాం. ఒకటే వాన. తర్వాత చాపెల్ హాల్లో అందరికీ టీ, హామ్, చీజ్. ఊళ్ళో ఎవరు పోయినా చీజ్ మా ఇంటి నుంచే వెళ్ళాలి, మా అమ్మ నాటి నుంచీ అంతే. పాతది అయిపోయింది. పది రోజులది ఒకటి కోశాను. పచ్చిపాల చీజ్, ల్యాబ్ రిపోర్టు రాకుండా అమ్మకూడదు. ఇది అమ్మకం కాదు కదా.

ఎమ్రిస్ కూతురు నెస్ట్‌కి ఏడో నెల. డాక్టరు వద్దన్నాడని నసిగింది. చిన్నప్పటి నుంచీ తింటున్నదేగా అని మూడు ముక్కలు నేనే వడ్డించాను.

మార్చి 18, మంగళవారం, పొద్దున తొమ్మిది

ల్యాబ్ నుంచి ఫోన్. ఆ బ్యాచ్‌లో లిస్టీరియా, కడుపులో బిడ్డకి ప్రమాదమైన క్రిమి. ఎవరికైనా అమ్మారా అని అడిగారు. లేదన్నాను. అబద్ధం కాదు.

సాయంత్రం

మా ఆయన ట్రెఫోర్‌కి చెప్పాను. నలభై మంది తిన్నారు, రెండు వారాలైంది, ఎవరికీ కడుపునొప్పి కూడా రాలేదన్నాడు. బయటపెడితే కౌన్సిల్ వాళ్ళు చీజ్ గది మూసేస్తారు, కొరివితో తల గోక్కోకు అన్నాడు. నిజమే అనిపించింది. కాదు, అనిపించుకున్నాను.

మార్చి 19

ఎమ్రిస్ భార్య మేనిర్ గేటు దగ్గర ఆగింది. నెస్ట్‌కి జ్వరం, నడుంనొప్పి. డాక్టరు ఫ్లూ అన్నాడట. తండ్రి పోయిన దిగులు కూడా కలిసిందంది. మాట నోటిదాకా వచ్చింది. వేడిగా సూప్ ఇవ్వమన్నాను.

మార్చి 20, గురువారం, ఉదయం ఆరు

కంటి మీద కునుకు లేదు. చెప్పేస్తాను. పాలు పితకడం అయ్యాక.

పదకొండు

పాలు పితికాను. క్యాన్లన్నీ కడిగాను. ఒక క్యానైతే రెండోసారి కూడా కడిగాను. అప్పుడు మేనిర్‌కి ఫోన్ చేశాను. నెస్ట్‌ని అప్పటికే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రాత్రి నుంచి బిడ్డ కదలడం లేదట. ఆస్పత్రికి చేసి చీజ్ సంగతి చెప్పాను. నర్సు మర్యాదగా థాంక్స్ చెప్పింది.

మార్చి 21

ఆడపిల్ల. చనిపోయి పుట్టింది.

రెండు రోజుల ముందు తెలిసుంటే మందు పనిచేసేదేమో అన్నాడట డాక్టరు.

మార్చి 24

చీజ్ గదికి కౌన్సిల్ వాళ్ళు తాళం వేశారు. ట్రెఫోర్ నాతో మాట్లాడడం లేదు. తాళం పడితే పడింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మార్చి 27

మేనిర్ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తెలిసిన వెంటనే ఫోన్ చేశావని నెస్ట్‌తో చెప్పానంది. తర్వాత అడిగింది.

"ఇంతకీ నీకెప్పుడు తెలిసింది, ఎలునెడ్?"

"గురువారం పొద్దున" అన్నాను.